సఖి నుంచి సహచరి దాకా: తెలుగు ప్రదర్శన సంప్రదాయంలో స్త్రీల మధ్య ప్రేమ

వ్యాస సంగ్రహం:
స్త్రీల మధ్య ప్రేమ నగరాలకు, ఉన్నతవర్గాలకు పరిమితమైన కొత్త భావన అన్న వాదం ఇటీవల న్యాయస్థానాల్లోనూ వినిపించింది. తెలుగు కావ్య, నాటక, చలనచిత్ర చరిత్రల ఆధారంగా ఈ వాదాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ప్రబంధాల్లోని సఖి, ముద్దుపళని 'రాధికా సాంత్వనము', గుంటూరు, ఒంగోలు ప్రాంతాల నాటకరంగం, 'అ!' (2018) చిత్రం, ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానం 2024లో ఇచ్చిన ఉత్తర్వు ఇందులో చర్చకు వస్తాయి. స్త్రీల మధ్య అనురాగం తెలుగు సంప్రదాయానికి కొత్తది కాదనీ, ఆ అనురాగమే కథకు గమ్యం కావడం మాత్రమే కొత్తదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సఖి, రాధికా సాంత్వనము, బెంగుళూరు నాగరత్నమ్మ, టంగుటూరి ప్రకాశం, కనిగిరి, వేషం, 'అ!'

1. ఉపోద్ఘాతం

స్వలింగ వివాహాలకు చట్టబద్ధత కోరుతూ సాగిన సుప్రియో కేసు 2023లో సర్వోన్నత న్యాయస్థానం ఎదుట విచారణకు వచ్చింది. ఈ కోరిక నగరాల్లోని ఉన్నతవర్గాల అభిప్రాయమే తప్ప దేశ ప్రజలందరిదీ కాదని కేంద్ర ప్రభుత్వం అప్పుడు వాదించింది. ఆ ఏడాది అక్టోబరు 17న వెలువడిన తీర్పు వివాహ హక్కును గుర్తించలేదు. అయితే ఈ భావన నగరాలది, ఉన్నతవర్గాలది అన్న వాదాన్ని ప్రధాన న్యాయమూర్తి తన తీర్పులో తిరస్కరించారు.

ఈ వాదం చట్టంతో ఆగదు, సాహిత్య చరిత్రను కూడా ప్రశ్నిస్తుంది. ఒక భావన నగరానిదే అని తేల్చాలంటే నగరం కాని చోట ఏం చదివారో, ఏం చూశారో, ఏం పాడుకున్నారో ముందుగా పరిశీలించాలి. అందుకు కనిగిరి వంటి తాలూకా కేంద్రం తగిన స్థానం. మద్రాసు రాజధానిలో అది నెల్లూరు జిల్లాకు చెందింది. 1970 ఫిబ్రవరిలో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలను తీసి ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పరచినప్పుడు అందులో చేరింది. ఆ జిల్లాకు 1972లో టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. ఒక తెలుగు కావ్యంలోని రాధను నిషేధం నుంచి విడిపించిన వ్యక్తి కూడా ఆయనే కావడం ఈ పరిశీలనలో ముఖ్యాంశం.

పరిశీలనకు ముందు ఒక జాగ్రత్త అవసరం. నేటి గుర్తింపుల పేర్లను పాత కావ్యాల పాత్రలకు తగిలించడం శాస్త్రీయం కాదు. ముద్దుపళని రాధ కృష్ణుణ్ణి ప్రేమించిన స్త్రీయే. ఆమెలో నేటి అర్థంలో స్త్రీని ప్రేమించే స్త్రీని వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. స్త్రీలు ఒకరిపై ఒకరు పెంచుకున్న అనురాగానికి తెలుగు రచన, తెలుగు వేదిక ఎంత చోటు ఇచ్చాయి, ఏ హద్దు దగ్గర ఆపాయి అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. సఖి: అనురాగానికి అనుమతించిన హద్దు

భానుదత్తుని 'రసమంజరి' సఖి చేయవలసిన పనులను మండనం, ఉపాలంభం, శిక్ష, పరిహాసం అని చెబుతుంది. మండనం అంటే అలంకరించడం, ఉపాలంభం నిష్ఠూరమాడడం, శిక్ష బోధించడం, పరిహాసం మేలమాడడం. జడ అల్లడం, చందనం పూయడం, చెవిలో రహస్యం చెప్పడం, కన్నీరు తుడవడం వంటివన్నీ ఈ నాలుగింటిలో ఇమిడిపోతాయి. నాయిక శరీరానికి, మనసుకు కావ్యంలో అందరికంటే చేరువగా ఉండేది సఖి. నాయకుడు కావ్యంలో చాలాభాగం దూరంగానే ఉంటాడు. విరహ ఘట్టాల్లో నాయిక మాటలు వినేది, శిశిరోపచారాలు చేసేది చెలికత్తెలే.

'వసుచరిత్ర'లో మంజువాణి, 'ప్రభావతీ ప్రద్యుమ్నము'లో రాగవల్లరి, ఉషాపరిణయ కథలో చిత్రరేఖ ఈ కోవకు చెందినవారు. ఉష కలలో చూసిన రూపాన్ని పోల్చుకోవడానికి చిత్రరేఖ లోకంలోని వీరులందరినీ చిత్రించి చూపుతుంది. అనిరుద్ధుణ్ణి నిద్రలోనే తెచ్చి ఉష అంతఃపురంలో చేరుస్తుంది. ఒక స్త్రీ మరో స్త్రీ కోరిక కోసం ఇంతటి సాహసం చేసిన కథ మన సాహిత్యంలో మరొకటి అరుదు. కానీ నాయికా నాయకుల సమాగమంతో సఖి పని ముగుస్తుంది. ఆ తర్వాత ఆమె ఏమైందన్న ప్రశ్న కావ్యానికి అవసరం లేదు. సఖి అనురాగానికి కావ్యం ఎంతో చోటు ఇచ్చింది, గమ్యాన్ని మాత్రం ఇవ్వలేదు.

ఇదే నిర్మాణం లోకాచారంలోనూ కనిపిస్తుంది. అట్లతద్ది నోము ఫలం మంచి భర్త. కానీ తెల్లవారుజామున లేచి ఆటలాడేది, ఉయ్యాలలూగేది, గోరింటాకు పండిన చేతులు పోల్చి చూసుకునేది ఆడపిల్లలు, వారి నేస్తాలు. నోము పురుషుడిని ఉద్దేశించినదే అయినా దాని అనుభవం స్త్రీల సాంగత్యంలోనే గడుస్తుంది. పెళ్లితో ఊరు మారిన నేస్తం గురించి ఆచారం మౌనం వహించినట్లే, సమాగమం తర్వాత సఖి గురించి ప్రబంధమూ మౌనం వహిస్తుంది.

3. ముద్దుపళని: సఖి స్థానంలో నాయిక

తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుని (పాలన 1739–1763) ఆస్థానంలోని ముద్దుపళని 'రాధికా సాంత్వనము'లో ఈ నిర్మాణాన్ని లోపలి నుంచే మార్చింది. రాధ ఇళాదేవిని పెంచి పెద్దచేస్తుంది, కృష్ణునితో ఆమె వివాహాన్ని తానే జరిపిస్తుంది, తొలిరేయికి అలంకరించి దాంపత్యపు మర్మాలు బోధిస్తుంది. రసమంజరి సఖికి చెప్పిన మండనం, శిక్ష అనే రెండు పనులనూ ఇక్కడ నాయికే చేస్తోంది. ఆ తర్వాత కృష్ణుడు తనకు దూరమయ్యాడన్న బాధ ఆమెను దహిస్తుంది. చివరకు కృష్ణుడే వచ్చి ఆమెను సాంత్వనపరచవలసి వస్తుంది. కావ్యం పేరు కూడా ఆ సాంత్వననే సూచిస్తుంది.

ఇక్కడ గమనించవలసిన అంశాలు రెండు. మొదటిది, సఖి పని చేసిన స్త్రీ పక్కకు తప్పుకోలేదు. ఇళను సిద్ధం చేసిన రాధకు తనదైన మనసు ఉందని, అది గాయపడుతుందని కావ్యం ఒప్పుకుంది. రెండవది, రాధకు ఇళపై ఉన్న మమకారం, అసూయ ఒకే హృదయంలో కలిసి ఉన్నాయి. తాను చేతులారా అలంకరించిన పిల్లనే తలచుకుని కుమిలిపోయే స్థితి పురుషుడు కేంద్రంగా రాసిన సవతి కథల్లో కనిపించే కలహం వంటిది కాదు. ఇద్దరు స్త్రీల మధ్య ఉన్న బంధానికి కూడా ఒక కథ ఉంటుందన్న ఎరుక అందులో ఉంది. తన వంశాన్ని స్త్రీల వరుసలో చెప్పుకున్న కవయిత్రికి ఈ ఎరుక సహజమే.

4. నిషేధం, విముక్తి

ఈ కావ్యాన్ని పైడిపాటి వెంకటనర్సు 19వ శతాబ్ది చివర ముద్రించాడు. అందులో కవయిత్రి వంశవర్ణన, కొన్ని పద్యాలు లేవు. కందుకూరి వీరేశలింగం 'ఆంధ్రకవుల చరిత్ర'లో ముద్దుపళని పాండిత్యాన్ని అంగీకరిస్తూనే, స్త్రీ నోట రాదగని శృంగారం రాసిందని ఆమెను తీవ్రంగా నిందించారు. బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) వ్రాతప్రతిని సంపాదించి సంపూర్ణ పాఠాన్ని పరిష్కరించారు. 1910లో వావిళ్ల వారు దాన్ని ప్రచురించారు. సిగ్గు స్త్రీలకేనా, పురుషులకు ఉండనక్కరలేదా అని నాగరత్నమ్మ తన పీఠికలో నిలదీశారు. వీరేశలింగం స్వయంగా పరిశీలించి ప్రచురణకు ఆమోదించిన 'వైజయంతీ విలాసము'లోని శృంగారాన్ని ఉదాహరణగా చూపారు. తెలుగు సాహిత్య విమర్శలో ఒక స్త్రీ మరో స్త్రీ రచనకు అండగా నిలిచి వాదించిన తొలి ఘట్టాలలో ఇది ఒకటి. కావ్యలోకంలో సఖి చేసే ఉపాలంభాన్ని నాగరత్నమ్మ విమర్శలోకి తెచ్చారు. తేడా ఏమిటంటే, ఆమె నిష్ఠూరం నాయకుడిపై కాక విమర్శకుడిపై, ఒక కవయిత్రి కోసం.

1911లో ఈ పుస్తకం అశ్లీలమన్న ఆరోపణ ప్రభుత్వం దాకా వెళ్లింది. ప్రతులు స్వాధీనమయ్యాయి. రాజధాని అంతటా అమలైన ఆ ఆంక్ష తంజావూరుకు, చెన్నపట్నానికి ఎంతగా వర్తించిందో నెల్లూరు జిల్లా కనిగిరి తాలూకాకూ అంతగా వర్తించింది. నగరం కాని ప్రాంతాల వారికి ఈ భావాలు తెలియవు అనే వాదంలోని తొలి లోపం ఇక్కడే కనిపిస్తుంది. చదివే వీలు లేకుండా చేసిన ప్రాంతాన్ని చదవలేదని తప్పుపట్టడం చరిత్ర దృష్ట్యా న్యాయం కాదు.

నిషేధం తొలగింది టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రిగా ఉన్న కాలంలో (1946–47). 'రాధికా సాంత్వనము' 1952లో తిరిగి అచ్చయింది. ఈ నిర్ణయం వెనుక వావిళ్ల సంస్థ పట్టుదల ఉంది. ప్రకాశం జీవితంలోని మరో విశేషాన్ని కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 'నా జీవిత యాత్ర' ప్రకారం ఆయన బాల్యంలో గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ప్రోత్సాహంతో నాటకాల్లో స్త్రీ పాత్రలు ధరించారు. స్త్రీ వేషంతో వేదిక ఎక్కిన ఒంగోలు బాలుడు తర్వాత ఒక స్త్రీ రాసిన కావ్యానికి విముక్తి కల్పించాడు. ఈ రెంటికీ కార్యకారణ సంబంధం ఉందనడానికి ఆధారం లేదు. కానీ ఆ బాలుణ్ణి తీర్చిదిద్దిన నాటకరంగం ఎటువంటిదో పరిశీలించడం అవసరం.

5. వేషం: ప్రేక్షకుడి ఒప్పందం

స్త్రీలు వేదిక ఎక్కడం నింద్యమైన కాలంలో తెలుగు నాటకంలో ప్రేమ సన్నివేశాలు ఇద్దరు పురుషుల మధ్యనే జరిగాయి. బాపట్ల ప్రాంతానికి చెందిన స్థానం నరసింహారావు (1902–1971) సత్యభామగా, రోషనారగా, చింతామణిగా, మధురవాణిగా దశాబ్దాల పాటు ప్రేక్షకులను మెప్పించారు. 1956లో పద్మశ్రీ పొందారు. ఆయన సత్యభామ అలకను తీర్చే కృష్ణుడూ పురుషుడే అన్న సంగతి ప్రేక్షకులకు తెలుసు. తెలిసినా అది రసానుభవానికి అడ్డు కాలేదు.

కూచిపూడి 'భామాకలాపం'లో ఈ పద్ధతి ఇంకా సూక్ష్మంగా కనిపిస్తుంది. సూత్రధారి సత్యభామ దగ్గర మాధవిగా, కృష్ణుని దగ్గర మాధవుడిగా వ్యవహరిస్తాడు. సత్యభామ తన విరహాన్ని విప్పి చెప్పుకునేది మాధవితోనే. సఖి లింగం సందర్భాన్ని బట్టి మారవచ్చునని కలాపమే ఒప్పుకుంది. మరోవైపు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి నాటక సమాజాలు స్త్రీ పాత్రలను స్త్రీల చేతనే ధరింపజేశాయి. అవసరమైనప్పుడు పురుష పాత్రలను కూడా స్త్రీలే ధరించారు. అటువంటి ప్రదర్శనల్లో నాయికా నాయకుల అనురాగాన్ని ఇద్దరు స్త్రీలు అభినయించిన సందర్భాలు సహజంగానే వచ్చాయి.

దీని నుంచి తొందరపడి నిర్ణయాలు చేయకూడదు. ఆ ప్రేక్షకులు స్వలింగ ప్రేమను ఆమోదించారని చెప్పలేము. వారు ఆమోదించింది వేషాన్ని. వేషం కింద ఉన్న శరీరాన్ని చూడకుండా ఉండడమే నటులకు, ప్రేక్షకులకు మధ్య ఉన్న ఒప్పందం. పత్తి, మిరప పొలాల నడుమ ఊళ్లలో తెల్లవార్లూ పౌరాణిక నాటకాలు చూసిన జనానికి ఈ ఒప్పందం చిరపరిచితం. కాబట్టి అసలు ప్రశ్న వేరు: వేషం తీసేసినప్పుడు ఏమవుతుంది?

6. వేషం తీసిన రాధ

ఈ ప్రశ్నకు చలనచిత్రాలు భిన్నమైన సమాధానాలిచ్చాయి. దీపా మెహతా 'ఫైర్' (1996) భారతదేశంలో 1998లో విడుదలైనప్పుడు ముంబయి, ఢిల్లీ థియేటర్లపై దాడులు జరిగాయి. చిత్రంలో ఒకే ఇంటి కోడళ్లయిన ప్రేమికుల పేర్లు రాధ, సీత. హిందీ అనువాదంలో సీత పేరును నీతగా మార్చారు, రాధ పేరు మాత్రం అలాగే ఉంది. సీత పేరు మీద రాజీపడవలసి వచ్చిన చోట రాధ పేరు నిలబడడం గమనార్హం. వివాహానికి వెలుపలి ప్రేమను మోసే పాత్రగా రాధ మన ఊహలో ఎప్పటి నుంచో ఉంది.

ఇరవై ఏళ్ల తర్వాత తెలుగులో వచ్చిన 'అ!' కూడా ఆ పేరునే ఎన్నుకుంది. ప్రశాంత్ వర్మకు ఇది తొలి చిత్రం. నాని, ప్రశాంతి తిపిర్నేని నిర్మించగా 2018 ఫిబ్రవరి 16న విడుదలైంది. అలంకరణకు, ప్రత్యేక ప్రభావాలకు జాతీయ పురస్కారాలు అందుకుంది. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన శిక్షాస్మృతి 377వ సెక్షన్‌ను సర్వోన్నత న్యాయస్థానం సడలించింది అదే ఏడాది సెప్టెంబరు 6న. అంటే, చిత్రం వచ్చే నాటికి ఆ సెక్షన్ అమలులోనే ఉంది.

ఇది ఒక నాయకుడి కథ కాదు, పలువురి కథల అల్లిక. భోజనశాలలో వంటవాడి ఉద్యోగం కోసం వచ్చిన నల, కాలయంత్రం తయారుచేయాలని తపించే శివ, మత్తుకు బానిసైన మీర, ఇంద్రజాలికుడు యోగి మధ్య రాధ (ఈషా రెబ్బా), క్రిష్ (నిత్యా మీనన్) కనిపిస్తారు. రాధ తాను పెళ్లి చేసుకోదలచిన వ్యక్తిని తల్లిదండ్రులకు పరిచయం చేస్తుంది. ఆ వ్యక్తి క్రిష్, అంటే కృష్ణవేణి. 'క్రిష్' అన్న పొట్టి పేరు ఇక్కడ పాత నాటకంలోని వేషం పని చేస్తుంది. పేరు వినగానే మనసులో పురుషుడు మెదులుతాడు, మనిషి ఎదుటికి రాగానే ఆ ఊహ చెదిరిపోతుంది. సురభి వేదికపై స్త్రీ కృష్ణుడి వేషం వేస్తే ప్రేక్షకుడు కృష్ణుణ్ణే చూశాడు. ఇక్కడ కృష్ణ నామం ధరించిన స్త్రీని స్త్రీగానే చూడమని చిత్రం కోరింది. సఖి తొలిసారి సహచరి అయింది.

చిత్రం ఈ ఘట్టాన్ని బీభత్సంగా కాక సరస సంభాషణగా నడిపింది. దాడి లేదు, శాపనార్థాలతో కూడిన ముగింపు లేదు. బల్ల చుట్టూ కూర్చున్న ఒక కుటుంబం తడబడుతూ మాట్లాడుకుంటుంది. అయితే చిత్రానికి ఒక పరిమితి ఉంది. చివరకు ఈ పాత్రలన్నీ కాళి (కాజల్ అగర్వాల్) అనే ఒక గాయపడిన యువతి మనసులోని పార్శ్వాలని తెలుస్తుంది. రాధ, క్రిష్‌ల ప్రేమ కథాలోకంలో కూడా వాస్తవం కాక ఒక మనోలోకపు చిత్రణగా మిగులుతుంది. ఇతర పాత్రలకూ ఇదే వర్తిస్తుంది కనుక ఇది ఈ జంటపై చూపిన వివక్ష అనలేము. కానీ ఫలితం గమనించదగినది. ప్రేమికులు ఏ ఊరి వారో, పెళ్లి తర్వాత ఏ వీధిలో ఉంటారో చెప్పవలసిన అవసరం చిత్రానికి తప్పింది. ప్రబంధం సఖికి గమ్యం ఇవ్వలేదు. చిత్రం సహచరికి గమ్యం ఇచ్చింది గాని, ఊరు ఇవ్వలేదు.

ఊరు ఇచ్చిన చిత్రం 2019 ఫిబ్రవరిలో హిందీలో వచ్చింది. షెల్లీ చోప్రా ధర్ దర్శకత్వం వహించిన 'ఏక్ లడ్కీ కో దేఖా తో ఐసా లగా' పంజాబులోని మోగా పట్టణంలో జరిగే కుటుంబ కథ. నాయిక స్వీటీ (సోనమ్ కపూర్) ప్రేమించే కుహూ పాత్రను పోషించింది 'అ!'లో మీరగా నటించిన రెజీనా కసాండ్రా. అందులో ప్రేమను ఊరికి తెలియజేసే సాధనం నాటకం. స్వీటీ తన కథను పట్టణ ప్రజల ఎదుట వేదికపై ప్రదర్శిస్తుంది. కొందరు లేచిపోతారు, కొందరు ఉండిపోతారు, తండ్రి మనసు మారుతుంది. ఊరు మార్పుకు లోనయ్యే స్థలం నాటకశాల అన్న ఈ ఊహ ఒంగోలు, బాపట్ల ప్రాంతాల నాటక చరిత్ర తెలిసిన వారికి కొత్తగా తోచదు. వేషంపై ఒప్పందం కుదిరిన వేదికే వేషం లేని మాటకూ చోటు కాగలదు.

7. తల్లిదండ్రుల బల్ల, న్యాయస్థానం

రెండు చిత్రాలూ కీలక ఘట్టాన్ని కుటుంబం మధ్య నిలపడం యాదృచ్ఛికం కాదు. 377వ సెక్షన్ కింద నడిచిన కేసుల చరిత్ర ప్రధానంగా పురుషులది. స్త్రీల విషయంలో చట్టం ఎక్కువగా మరో ద్వారం గుండా ప్రవేశించింది. కుమార్తె కనబడటం లేదన్న ఫిర్యాదు, అపహరణ ఆరోపణ, గృహనిర్బంధం, వాటికి ప్రతిగా వేసే హెబియస్ కార్పస్ పిటిషను ఇందులో పరిపాటి. ఇద్దరు స్త్రీల ప్రేమకు తొలి న్యాయస్థానం వారి ఇల్లే.

2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానం ఎదుటికి వచ్చిన వ్యవహారం ఇటువంటిదే. తన సహచరిని తండ్రి నిర్బంధించాడని ఒక యువతి హెబియస్ కార్పస్ పిటిషను వేసింది. ఆ సహచరిని హాజరుపరచగా ధర్మాసనం ఆమె అభీష్టాన్ని తెలుసుకుంది. యుక్తవయస్కురాలైన ఆమెకు తన భాగస్వామితో కలిసి జీవించే స్వేచ్ఛ ఉందని, తల్లిదండ్రులు అందులో జోక్యం చేసుకోరాదని స్పష్టం చేసింది. తల్లిదండ్రులపై నేర విచారణకు వెళ్లలేదు. ఇందులోని పాత్రధారులు 'అ!'లో బల్ల చుట్టూ కూర్చున్నవారే: కుమార్తె, ఆమె ప్రేమించిన స్త్రీ, తల్లిదండ్రులు. చిత్రంలో ఒక మనోలోకానికి పరిమితమైన దృశ్యం ఈ రాష్ట్ర న్యాయస్థానపు దస్త్రంలో వాస్తవంగా నమోదయింది.

ఉత్తర్వు వారికి కలిసి జీవించే స్వేచ్ఛనిచ్చింది. ఆ జీవితానికి ఒక పేరు ఇవ్వడం 2023 నాటి తీర్పు కారణంగా న్యాయస్థానానికి సాధ్యం కాదు. ఆస్తి, వారసత్వం, ఆసుపత్రిలో సంతకం వంటి విషయాల్లో జీవిత భాగస్వామికి చట్టం ఇచ్చే స్థానం వారికి వివాహం ద్వారా దక్కదు. కావ్యం సఖి విషయంలో పాటించిన మౌనాన్ని చట్టం సహచరి విషయంలో పాటిస్తోంది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, స్త్రీల మధ్య అనురాగానికి తెలుగు కావ్యం, ఆచారం, వేదిక విశాలమైన చోటు ఇచ్చాయి. కానీ ఆ అనురాగాన్ని పురుష సమాగమానికి సాధనంగానో, వేషం చాటునో ఉంచాయి. రెండు, ఆ హద్దును లోపలి నుంచి కదిలించిన ముద్దుపళని, ఆమెకు అండగా నిలిచిన నాగరత్నమ్మ నిందకు, నిషేధానికి గురయ్యారు. నగరం కాని ప్రాంతాలకు ఈ భావనతో పరిచయం లేదన్న వాదం ఆ నిషేధ చరిత్రను విస్మరిస్తుంది. మూడు, 2018 తర్వాత వచ్చిన మార్పు ప్రేమలో కాదు, దాని గమ్యంలో వచ్చింది. సఖి కథ మధ్యలో తప్పుకోనక్కరలేదని చిత్రమూ, న్యాయస్థానమూ వేర్వేరు భాషల్లో చెప్పాయి.

ముద్దుపళని కావ్యానికి విముక్తి కల్పించిన ప్రకాశం పేరు పెట్టిన జిల్లాలో ఒకప్పుడు చేరిన కనిగిరి వంటి పట్టణాల నాటక సమాజాల చరిత్ర, స్త్రీల పాటలు, నేస్తరికపు ఆచారాలు ఈ దృష్టితో సేకరణకు, పరిశోధనకు ఎదురుచూస్తున్నాయి. ఆ సేకరణలో వరుడి పేరు దగ్గర ఆగిపోకుండా, ఆ పాట పాడిన నేస్తం పేరు కూడా నమోదు చేయవలసి ఉంది.